మిద్దె తోటకు రోజూ వచ్చే నల్ల తేనెపిట్ట వానాకాలం నుంచి కనపడట్లేదు, ఎక్కడికి పోతుంది?

మిద్దెతోట_అనంత:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం టౌను. మిద్దె మీద కుండీల్లో మందారాలు, ఒక దానిమ్మ, కలబంద, కిందనుంచి మిద్దె ఎత్తు దాకా పెరిగిన మునగచెట్టు, ఇదీ మా తోట. ఎండాకాలమంతా ఒక జత తేనెపిట్టలు రోజూ వచ్చేవి. మగది దూరం నుంచి చూస్తే ఉత్త నలుపు, ఎండ పడిందంటే మాత్రం నీలం, ఊదా, ఆకుపచ్చ అన్నీ మెరుస్తాయి. ఆడదానికి వీపు మట్టి రంగు, పొట్ట లేత పసుపు. మార్చి నుంచి జూలై దాకా ఆ నల్లది మునగకొమ్మ చివర కూర్చుని తెల్లవారకముందే పాట మొదలుపెట్టేది, మా పిల్లలు దాని గొంతు వినే లేచేవాళ్లు.

ఆగస్టు చివర్లో రావడం తగ్గింది. వినాయక చవితి తర్వాత నల్లది కనపడనే లేదు. పసుపు పొట్టవి మాత్రం వస్తున్నాయి, ఒక్కోసారి రెండు, ఒక్కోసారి మూడు. మా అత్త "మగవి వలస పోయినాయి, సంక్రాంతికి వస్తాయిలే, ప్రతి ఏడూ ఇంతే" అంటుంది. పోయిన సంవత్సరం కూడా సంక్రాంతి దగ్గరలోనే నల్లది మళ్లీ కనిపించిన మాట నిజం. కానీ మగవి మాత్రమే వలస పోయి ఆడవి ఇక్కడే ఉండిపోవడం ఏమిటో నాకు అర్థం కావట్లేదు. పక్కింటాయన ఏమో పిల్లి పట్టేసి ఉంటుందంటాడు, ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఇంకో సంగతి. నిన్న వచ్చిన పసుపు పిట్టల్లో ఒకదానికి గొంతు కింద మొదలై పొట్ట మధ్య దాకా నిలువుగా నల్ల చార ఉంది. ఇది వేరే జాతా? ఫోన్‌లో తీద్దామంటే ఒక్కచోట నిలవదు, మసక తప్ప ఏమీ రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, నల్లది ఎక్కడికి పోతుంది, మేము ఏమన్నా చేయాలా? గిన్నెలో చక్కెర నీళ్లు పెడితే వస్తాయని ఒక వీడియోలో చూశాను, పెట్టొచ్చా?

పక్షిచూపు_కడప:

అక్కా, ముందు ఆ పిల్లి మాట మనసులోంచి తీసేయండి. మీ నల్ల పిట్ట ఎక్కడికీ పోయి ఉండదు, నిన్న మీరు చూసిన చార పిట్టే అది కావడానికి చాలా అవకాశం ఉంది.

మీరు చెప్పిన గుర్తులన్నీ పర్పుల్ సన్‌బర్డ్‌వి, ఊదా తేనెపిట్ట. మన సీమ ఎండకూ, తుమ్మచెట్లకూ, ఊళ్లలో పెరళ్లకూ బాగా అలవాటు పడిన పిట్ట. దీని మగదానికి ఆ మెరిసే నలుపు జతకట్టే కాలానికే. గూడు, పిల్లలు అన్నీ అయిపోయాక పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి, ఆ కొత్తవి ఆడదాని రంగులోనే వస్తాయి, పైన మట్టి రంగు, కింద పసుపు. అప్పుడు మగదాన్ని పట్టిచ్చేవి రెండే. ఒకటి, గొంతు నుంచి పొట్ట దాకా దిగే ఆ నల్ల చార. రెండోది రెక్క. భుజం దగ్గరి చిన్న ఈకలు ముదురుగానే ఉండి, వెలుతురు సరైన పక్కనుంచి పడితే నీలంగా మెరుస్తాయి. పక్షులు చూసేవాళ్లు ఈ వేషాన్ని ఎక్లిప్స్ అంటారు. మన వైపు వానాకాలం చివర మొదలై చలికాలం సగం దాకా ఇట్లాంటివి కనిపిస్తాయి, అన్ని పిట్టలూ ఒకే వారంలో మారవు కాబట్టి సెప్టెంబర్‌లో కూడా ఎక్కడో ఒక నల్లది కనపడొచ్చు, కంగారు పడొద్దు.

మగదాని పాట కూడా ఈ నెలల్లో బాగా తగ్గిపోతుంది. ఇది పెద్ద విషయం. అరచేతిలో దాగిపోయేంత పిట్ట, పది సెంటీమీటర్లు ఉంటుందేమో, ఆకుల మధ్య దాన్ని మనం కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ కనిపెడతాం. పాటా లేక, నలుపూ లేకపోయేసరికి మనకు అసలు పిట్టే లేనట్టు అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ ఏడు పుట్టిన మగపిల్లలకు కూడా ఈకలు మారేటప్పుడు గొంతు కింద ఇట్లాంటి చారే వస్తుంది. అందుకే చార ఒక్కటే చూసి పాత మగదే అని తేల్చలేం. భుజం చూడాలి. అక్కడ నీలం మెరుపు ఉంటే పెద్దది, రెక్కంతా ఉత్త మట్టి రంగైతే ఈ ఏటి పిల్ల. పిల్ల అయినా మంచిదే కదా, మీ జత ఎండాకాలంలో గూడు కట్టి పిల్లల్ని లేపిందన్నమాట.

మీ అత్తగారు సంక్రాంతి అన్నది ఊరికే కాదు. డిసెంబర్, జనవరిలో మళ్లీ ఈకలు మారతాయి. ఆ రోజుల్లో పసుపు మీద నల్ల మచ్చలు పడి, కొంచెం కొంచెంగా నలుపు కమ్ముకుంటూ, చూడ్డానికి జబ్బు చేసిన పిట్టలాగా కూడా ఉంటుంది. జబ్బేం కాదు. ఆమె చూసిన నెలలు సరిగ్గా ఉన్నాయి.

కేసీకెనాల్_కర్నూలు:

కడప అన్న చెప్పింది కరెక్ట్. కాకపోతే ఆ పసుపు పొట్టవి మూడూ ఒకే జాతివి అనుకోనక్కర్లేదు అక్కా. మా ఇంటి దగ్గర కాలువ గట్టున, చుట్టుపక్కల పెరళ్లలో, రెండు రకాల తేనెపిట్టలూ కలిసే తిరుగుతాయి.

రెండో రకం పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్. దీని మగదానికి నెత్తి మీద ఆకుపచ్చ తళుకు, మెడ కింద ముదురు ఎరుపు పట్టీ, దాని కింద నిండు పసుపు, నడుము మీద ఊదా రంగు. అసలు తేడా ఏంటంటే ఈ మగది వేషం మార్చదు, ఏడాదంతా అదే రంగు. కాబట్టి అక్టోబర్‌లో కూడా మీకు రంగురంగుల మగ తేనెపిట్ట కనిపించిందంటే అది ఇదే అయి ఉంటుంది. ఇది భారతదేశంలో ఎక్కువగా దక్షిణాదిన, ఇంకా శ్రీలంకలో ఉండే పిట్ట. ఊదాది ఉత్తరాదిలోనూ ఉంటుంది.

ఆడవాటి దగ్గరే తికమక. గొంతు చూడండి. గొంతు బూడిద కలిసిన తెలుపుగా ఉండి, రొమ్ము దగ్గర నుంచి పసుపు మొదలైతే పర్పుల్ రంప్డ్ ఆడది. గొంతు నుంచే పసుపు కిందిదాకా సాగితే మీ ఊదా తేనెపిట్ట ఆడది. మందారం మీద తలకిందులుగా వేలాడేటప్పుడు గొంతు మనవైపే ఉంటుంది, అప్పుడే చూసేయాలి. బైనాక్యులర్ లేకపోయినా మిద్దె తోటలో అంత దగ్గరికి వస్తాయి కాబట్టి కష్టమేం కాదు.

లోటెన్స్ సన్‌బర్డ్ అని మూడోది కూడా ఉంది, ముక్కు బాగా పొడుగ్గా, కొడవలి తిరిగినట్టు వంగి ఉంటుంది. నాకు అది నల్లమల వైపు పోయినప్పుడే కనపడింది, టౌనులో నేను చూడలేదు.

మిద్దెతోట_అనంత:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మీ మాటలు మా అత్తకు చదివి వినిపిస్తే "నేను చెప్పలా" అంది, వలస మాట మాత్రం ఇంకా వదల్లేదు.

ఈరోజు పొద్దున ఏడు గంటలప్పుడు చార పిట్ట మళ్లీ వచ్చింది. ఎర్ర మందారం దగ్గర కూర్చుంది గానీ పువ్వు ముందు నుంచి ముక్కు పెట్టలేదు. పువ్వు వెనక, తొడిమ దగ్గర, ముక్కుతో ఒక పోటు పొడిచి అక్కడినుంచి లాగింది. తర్వాత చూస్తే పువ్వు మొదట్లో సన్నటి చీలిక ఉంది, వాడిపోయిన నిన్నటి పువ్వులకు కూడా అదే చోట అట్లాంటి చీలికే. అది అటు తిరిగినప్పుడు భుజం మీద నీలం ఒక్క క్షణం మెరిసింది, నాకు ఖచ్చితంగా కనిపించింది, మా పాప కూడా చూసింది. అంటే ఇది పెద్ద మగదే కదా? నాకైతే చెప్పలేనంత సంతోషంగా ఉంది.

ఇంకో డౌటు. రంగు మార్చుకుని ఇక్కడే ఉంటే, ఎండాకాలంలో వచ్చినంతగా రోజుకు పది పన్నెండు సార్లు ఇప్పుడెందుకు రావట్లేదు?

బాటనీ_మేడమ్:

పెద్ద మగదే. ఆ చీలిక గురించి ముందు చెప్తాను, నాకు ఇష్టమైన విషయం. మామూలుగా తేనెపిట్ట పువ్వు ముందు నుంచి ముక్కు పెడితే నుదుటికి, గొంతుకు పుప్పొడి అంటుకుంటుంది, తర్వాతి పువ్వుకు అది చేరుతుంది. గొట్టం పొడుగ్గా ఉన్న పువ్వుల దగ్గర మాత్రం ఇట్లా వెనకనుంచి చిల్లు పెట్టి తాగేస్తుంది, పువ్వుకు దక్కేదేమీ ఉండదు. మీ మందారాలకు దీనివల్ల నష్టం లేదు, కుండీ మందారాలు మనం ఎట్లాగూ కొమ్మ నాటి పెంచుకునేవే.

ఇక ఎందుకు తగ్గింది అనేదానికి, "ఎక్కడికీ పోదు" అన్న మాటతో నేను పూర్తిగా ఒప్పుకోను. దేశాలు దాటే వలస కాదు, అది నిజం. కానీ తేనెపిట్ట పూలను బట్టి చుట్టుపక్కల తిరుగుతుంది. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు, తోట నుంచి కొండకు. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, రాష్ట్రంలో ఇంత తక్కువ పడే చోటు ఇంకోటి లేదు. ఏ నెలలో ఎక్కడ పూత ఉంటుందో అక్కడ పిట్ట ఉంటుంది.

ఎండాకాలంలో బయట నేల ఎండిపోయి ఉంటుంది, మీరు రోజూ నీళ్లు పోసే మందారం, మునగ దానికి పెద్ద ఆధారం. పైగా గూట్లో పిల్లలుంటాయి, జత రోజంతా అక్కడే కాపురం, ఇంకో మగదాన్ని దగ్గరికి రానీయదు. అందుకే మీకు పదిసార్లు కనిపించింది. వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో, కంచెల మీద, గట్ల మీద ఎక్కడ చూసినా తీగలు, కలుపు మొక్కలు పూస్తాయి, పురుగులు బోలెడు. అప్పుడు మీ మిద్దె దానికి తిరిగే చాలా చోట్లలో ఒకటి, అంతే. పైగా కాపలా కాయాల్సిన గూడు లేదు. పిట్టలు తగ్గాయని కాదు, విడిపోయి పల్చగా తిరుగుతున్నాయి.

చలికాలంలో వేపచెట్ల మీద, మామిడి మీద బదనిక పూస్తుంది చూడండి, నారింజ ఎరుపు గొట్టాల పూలు, దానికి తేనెపిట్టలే ముఖ్యం. ఆ మొగ్గ పిట్ట ముక్కు తగలగానే విచ్చుకుని పుప్పొడి దాని మొహం మీద చిమ్ముతుంది. బదనిక చెట్టుకు చీడ అని రైతులు కొట్టేస్తారు, మామిడి తోటలో అది తప్పదు కూడా. కానీ రోడ్డు పక్క వేపచెట్టు మీద ఉన్న రెండు గుబుర్ల వల్ల చెట్టు చచ్చిపోదు, డిసెంబర్‌లో ఊళ్లో తేనెపిట్టను చూడాలంటే నేను నేరుగా ఆ చెట్ల దగ్గరికే పోతాను. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూస్తుంది. కొండ అడుగున మోదుగచెట్టు కింద నిలబడితే నల్లబడిన మగవి ఒకదాన్నొకటి తరుముకోవడం, ఆ గోల, వినడానికే పోవాలి. తర్వాత ఉగాది నాటికి వేప, ఆ వెనకే కానుగ, వాటి పూతకు వచ్చే చిన్న పురుగులు, ఏప్రిల్, మే నెలల్లో తురాయి. మీ అత్తగారికి వలస మాట వదలాలని లేకపోతే వదలక్కర్లేదు, ఇదీ ఒక రకంగా తిరుగుడే.

దానిమ్మ_రైతు:

మేడమ్ చెప్పింది మా తోటలో కళ్లారా చూస్తున్నా. మాది కళ్యాణదుర్గం వైపు, దానిమ్మ. ఏ బహార్ తీస్తే, అంటే ఏ కాలంలో చెట్టును పూతకు తెస్తే, ఆ పూతకు తేనెపిట్టలు దిగుతాయి. పక్కాయన జూన్‌లో పూత తీసుకుంటే అప్పుడు అక్కడ, మేము సెప్టెంబర్ చివర తీస్తే అప్పుడు మా దగ్గర. పిట్టలు అవే, తోట మారుతుంది అంతే. పూత లేని రోజుల్లో ఒకటీ అరా గట్టు మీద తుమ్మల్లో ఉంటాయి.

ఒక్కమాట చెప్పాలి. తేనెపిట్ట అంటే తేనె మాత్రమే తాగుతుంది అనుకుంటారు. పిల్లలకు పెట్టేది పురుగులు, సాలీళ్లే. గూడు ఉన్న రోజుల్లో తల్లి నోట్లో సన్న పచ్చ పురుగు పట్టుకుని పోవడం రోజూ చూస్తాం. పూతకు తామర పురుగు వస్తుంది, మందు కొట్టకపోతే పంట పోతుంది, కొట్టకుండా వ్యవసాయం చేయండి అని ఎవరికైనా చెప్పే స్థితిలో నేను లేను. మేం చేసేదల్లా పొద్దున పిట్టలు, తేనెటీగలు పూల మీద ఉన్నప్పుడు కొట్టం, సాయంత్రం పొద్దు వాలినాక కొడతాం. తేనెటీగలు ఉంటేనే కాయ నిలబడుతుంది కాబట్టి ఇది మాకూ లాభమే. గట్టు మీద కంచెకు ఉన్న తీగలు, తుమ్మలు తీసేయకుండా ఉంచినాం. మిద్దె తోటల వాళ్లు మార్కెట్‌కు అమ్మేది లేదు కదా, దయచేసి నాలుగు ఆకులకు పురుగు పట్టిందని మందు కొట్టొద్దండి. ఆ పురుగే పిల్లల కూడు.

పక్షిచూపు_కడప:

మేడమ్ అన్నదానికి ఒప్పుకుంటున్నాను, నేను "ఎక్కడికీ పోదు" అన్నది చలిదేశాల నుంచి వచ్చే వలసతో పోల్చి అన్నమాట. ఆ తేడా తెలిస్తే అక్క అత్తగారికి కూడా చెప్పొచ్చు.

నిజంగా వలస వచ్చే పిట్ట మీ తోటలోనే ఇప్పుడు ఉండి ఉంటుంది. కంచె పొదల్లోంచి, కిందికొమ్మల్లోంచి, ఎవరో నాలుక చప్పరించినట్టు "ఛక్, ఛక్" అని మాటిమాటికీ వినపడుతుంటే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టి రంగు, చూస్తే చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు, కానీ ఆసియా ఉత్తర భాగాల్లో పుట్టి ఇక్కడికి చలికాలం గడపడానికి వస్తుంది. సెప్టెంబర్‌లో దిగి ఏప్రిల్ దాకా ఉంటుంది. గులాబి గోరింకలు కూడా అంతే, మధ్య ఆసియా నుంచి గుంపులు గుంపులుగా వచ్చి జొన్న చేల మీద పడతాయి. మే నెలలో ఎంత వెతికినా ఈ రెండూ ఇక్కడ దొరకవు.

కోకిల మాత్రం మీ తేనెపిట్ట లాంటిదే. ఉగాది ముందు మొదలై వానలు పడేదాకా అరుస్తుంది కాబట్టి మిగతా నెలల్లో లేదనుకుంటాం. కాకి గూళ్లు కట్టే కాలమే దానికి గుడ్లు పెట్టే కాలం, ఆ పని అయిపోతే గొంతు విప్పదు. ఇప్పుడు కూడా మర్రి పళ్లు, రావి పళ్లు ఉన్న చెట్టు కింద ఓపిగ్గా నిలబడితే ఎర్ర కళ్లతో మగది, మచ్చల ఆడది కనపడతాయి.

ఇట్లాంటివి తేల్చుకోవడానికి ఈబర్డ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, ఫ్రీ. అందులో జిల్లా పేరు కొడితే ఒక్కో పక్షికి ఏడాది మొత్తం పట్టీ వస్తుంది, నెలకు నాలుగు గళ్లు, ఎప్పుడు ఎక్కువ కనిపించింది, ఎప్పుడు తక్కువ అని. కానీ ఆ పట్టీ మనబోటి వాళ్లు చూసి రాసినవాటితోనే నిండుతుంది. పెద్ద నగరాల్లో రాసేవాళ్లు ఎక్కువ, మన వైపు తక్కువ. అక్కా, మీరు మిద్దె మీద పావుగంట కూర్చుని కనిపించినవన్నీ రాస్తే, కాకి, పిచ్చుకతో సహా, అది పనికొచ్చే లెక్క. నల్లది కనపడని రోజు కూడా రాయాలి. చార ఉన్న మగది అని పక్కన ఒక వాక్యం రాస్తే ఇంకా విలువ. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా లెక్క పెడతారు, మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. అప్పటికి మీ మగది నల్లబడి పాట అందుకునే ఉంటుంది, పిల్లలతో కలిసి చేయండి.

కేసీకెనాల్_కర్నూలు:

చక్కెర నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్టొద్దక్కా. మన ఎండకు ఆ నీళ్లు ఒక్క పూటలో పులుస్తాయి, బూజు పడుతుంది, చీమలు, కందిరీగలు మూగుతాయి. ఆ వీడియోల్లో చూపించే ఎర్ర సీసాలు అమెరికాలో హమ్మింగ్‌బర్డ్‌ల కోసం చేసినవి. అవి గాల్లో నిలబడి తాగే పిట్టలు, అసలు మన ఖండంలోనే లేవు. మన తేనెపిట్టకు కూర్చోడానికి కొమ్మ కావాలి. చక్కెర నీళ్లకు బదులు పూల కుండీలు పెంచండి, కలబందను పూతకు రానివ్వండి, ఆ కాడ ఒక్కటి లేచిందంటే ఆ రోజులన్నీ దాని చుట్టూనే ఉంటాయి. ఒక వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టి రోజూ కడగండి. తేనెపిట్టలు ఎక్కువగా తడి ఆకుల మీద పొర్లి స్నానం చేస్తాయి, అందుకని పొద్దున నీళ్లు పోసేటప్పుడు మొక్కల ఆకులు కూడా తడపండి.

ఇంకోటి, జనవరి తర్వాత మగది నల్లబడినాక మీ బండి అద్దం మీద, కిటికీ అద్దం మీద ముక్కుతో పొడవడం చూస్తారు. తన నీడను వేరే మగది అనుకుని కొట్లాటకు దిగుతుంది. గంటలు గంటలు అదే పని, తిండి కూడా మరిచిపోతుంది. బండి అద్దానికి ఒక పాత సాక్స్ తొడిగేస్తే చాలు, కిటికీకి బయటివైపు కాగితం అంటించండి.

మిద్దెతోట_అనంత:

చక్కెర గిన్నె మాట ఇక ఎత్తను. కలబంద కాడలు మా ఆయన చూడ్డానికి బాగాలేవని కోసేసేవాడు, ఈసారి ముట్టుకోవద్దని చెప్పేశాను. బండి అద్దం సంగతి చదివి ఆయన ఆశ్చర్యపోయాడు, పోయిన మార్చిలో రోజూ అద్దం మీద తెల్ల రెట్టలు తుడిచేది ఆయనే.

చివరిగా ఒకటి అడుగుతాను. మిద్దె మీద బట్టలు ఆరేసే తీగ చివర, ఎండిన ఆకులూ, నారలూ కలిసి సంచిలాగా వేలాడుతూ ఒకటుంది. చెత్త అనుకుని తీసేయబోతే పక్కన చిన్న రంధ్రం కనపడి ఆగిపోయాను. ఇది దాని పాత గూడేనా? తీసేయొచ్చా, మళ్లీ అందులోకే వస్తాయా?

బాటనీ_మేడమ్:

గూడే. దగ్గరగా చూడండి, రంధ్రం పైన చిన్న చూరు లాంటిది ముందుకు వచ్చి ఉంటుంది, వాన లోపలికి పడకుండా. ఆ ముక్కలన్నిటినీ పట్టి ఉంచేది సాలెగూడు దారం. బెరడు పొట్టు, ఎండుటాకులు, గొంగళిపురుగుల రెట్టలు, ఒక్కోసారి కాగితం ముక్కలు, ఏది దొరికితే అది అంటిస్తుంది. లోపల మెత్తటి దూది పరుపు ఉంటుంది. కట్టేది అంతా ఆడదే, మగది చుట్టుపక్కల కూర్చుని పాడుతుంది. గుడ్లు రెండో మూడో, రెండు వారాల పైన పొదగడం కూడా ఆడదే, పిల్లలు వచ్చాక మేత మోయడంలో మాత్రం మగది కూడా చెయ్యి కలుపుతుంది.

ఇప్పుడు ఖాళీగా ఉందో లేదో ముందు తేల్చుకోండి. చెయ్యి పెట్టొద్దు, దూరంగా ఓ గంట కూర్చుని చూడండి. లోపలికి రాకపోకలు లేకపోతే, దారం తెగి వదులుగా వేలాడుతుంటే అది అయిపోయిన గూడు. పాతదాంట్లోకి తిరిగి రావడం అరుదు, కొత్తది కడతాయి, ఆ చోటు నచ్చితే దాని పక్కనే కడతాయి. పాత గూటి నూలు, దూది కొత్తదానికి లాక్కుపోవడం కూడా నేను చూశాను, అందుకని నేనైతే అట్లాగే వదిలేస్తాను. లోపల గుడ్లో పిల్లలో ఉంటే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కదపొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కూడా అడవి పక్షి గూడు, గుడ్లు పాడుచేయడం నేరం.

గోడ మూలల్లో సాలెగూళ్లు అన్నీ ఒకేసారి దులిపేయకండి. సంక్రాంతి ముందు ఇల్లు దులపడం మనకు ఆనవాయితీ, ఇంట్లో దులుపుకోండి, మిద్దె మీద మెట్ల గది బయటి మూలలు వదిలేయండి. ఫిబ్రవరిలో ఆ ఆడది వచ్చి గోడకు ఆనుకుని రెక్కలు కొట్టుకుంటూ ముక్కుకు ఆ దారం చుట్టుకుని పోవడం మీకే కనిపిస్తుంది. మునగ కొమ్మలు కూడా జనవరి లోపలే కొట్టించుకోండి, తర్వాతైతే గూడు ఉందో లేదో ఒక్కో కొమ్మా వెతికి గానీ కొడవలి పెట్టొద్దు.

దానిమ్మ_రైతు:

బట్టలు ఆ తీగకు ఇంకో చివర ఆరేసుకోండమ్మా. మా షెడ్డులో కరెంటు వైరుకు కట్టిన గూడు ఉన్నన్నాళ్లు ఆ లైటు వేయకుండానే గడిపినాం, మనుషులు కింద తిరుగుతున్నా అవి పట్టించుకోలేదు, పిల్లలు ఎగిరిపోయినాయి.